ఇరవై సాళ్ల రోడ్డు

సెప్టెంబరు నెల మొదటి సోమవారం పొద్దున ఆరున్నరకు మునిచంద్ర చేతిలో ఉన్నది ఇంత: పుంగనూరులో ఇరవై రెండేళ్లుగా నడుస్తున్న వేరుశనగ మండీ, రామసముద్రం దారిలో కౌలుకు తీసుకున్న మూడెకరాల్లో అరవై రోజుల పైరు, బ్యాంకులో నాలుగు లక్షలు, ఒక అనుమానం. మొదటి మూడింటి విలువ అతనికి పైసలతో సహా తెలుసు. నాలుగోదాని విలువ తేల్చుకోవడానికే ఆ పొద్దున మండీ తాళాలు గుమాస్తాకిచ్చి, బండి తీసి చేను దారి పట్టాడు.

వేరుశనగకు తుప్పు తెగులు వచ్చినప్పుడు మందు కొడితే గిట్టుతుందా గిట్టదా అన్నది ఆ అనుమానం. ఆకు అడుగున ఇటుకపొడి చల్లినట్టు చుక్కలు లేస్తాయి. వేలితో రాస్తే ఆ పొడి వేలికి అంటుకుంటుంది. మూడు నాలుగు వారాల్లో ఆకు ఎండిపోతుంది, కాయ ఊరడం ఆగిపోతుంది. అక్కడిదాకా అందరూ ఒప్పుకుంటారు. మందు దగ్గరే తగాదా. మండీకి వచ్చే రైతుల్లో సగం మంది కొట్టకపోతే కొంప మునుగుతుందంటారు. మిగతా సగం మంది కొట్టినా కొట్టకపోయినా అంతే వస్తుందంటారు. ఇరవై రెండేళ్లుగా రెండు సగాలూ తమ మాట మీదే ఉన్నాయి. తూకం వేసి చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఇప్పుడు తూకం వేయాల్సిన అవసరం వచ్చింది. ఒక మందుల కంపెనీ రామసముద్రం మండలానికి ఏజెన్సీ ఇస్తానంది. నాలుగు లక్షల సరుకు రొక్కం పెట్టి ఎత్తుకోవాలి, మిగిలితే వెనక్కి తీసుకోరు, దీపావళి అయిన పది రోజుల్లో మాట చెప్పాలి. మందు నిజంగా గిట్టేదైతే నాలుగు లక్షలు ఏడాది తిరక్కుండా అయిదున్నర అవుతాయి. గిట్టనిదైతే మండీ వెనక గదిలో నాలుగు లక్షల సీసాలు ఎలుకలకు కాపలా ఉంటాయి. అమ్మేవాడు చెప్పిన మాట మీద సరుకు కొనే అలవాటు మునిచంద్రకు లేదు. అందుకే ఆ ఏడు నారాయణమ్మ దగ్గర మూడెకరాలు కౌలుకు తీసుకుని తానే పైరు పెట్టాడు.

నారాయణమ్మ అయిదెకరాల ఆసామి. మూడెకరాలు అతనికిచ్చి, గట్టుకు అవతల రెండెకరాల్లో తానే అదే రోజు, అదే విత్తనం వేసుకుంది.

చేను గట్టు మీద హరిత అప్పటికే ఎదురుచూస్తోంది. ఊళ్లోని రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకురాలు. ఆకు తిప్పి చూసి, ఫోనులో ఫోటో తీసుకుని, "తుప్పే సార్. ఈ వారంలో ఒకసారి, పదైదు రోజులకు ఇంగోసారి కొట్టాల" అంది.

"రెండుసార్లకూ మందు, కూలి కలిపి ఎకరాకు రెండు వేల రెండు వందలు" అన్నాడు మునిచంద్ర. "మూట రెండు వేల ఆరు వందలు పోతాండాది. అంటే ఎకరాకు ముక్కాలు మూటకు పైన మిగిలితేనే గిట్టినట్టు. మిగుల్తాదా?"

"మొత్తం చేనుకు కొట్టేస్తే, కొట్టకపోయింటే ఏమయ్యేదో ఎట్ల తెలుస్తాది సార్? నడిమధ్యన ఇరవై సాళ్లు కొట్టకుండా వదిలిపెట్టండి, రోడ్డు గట్టు నుంచి ఆ కొస దాకా. పీకినప్పుడు అవి వేరే, ఇవి వేరే తూకమేస్తే సరి. గుర్తులు మాత్రం గట్టిగా పెట్టండి. కొట్టేవాళ్లు మరిచిపోయి దానికీ కొట్టేస్తారు."

మునిచంద్రకు ఈ పద్ధతి నచ్చింది. బస్తాలోంచి పిడికెడు కాయ తీసి బస్తా మొత్తం ధర కట్టడం లాంటిదే. ఇరవై సాళ్లంటే ఇరవై అడుగుల వెడల్పు, మూడు వందల అడుగుల పొడవు, దాదాపు పద్నాలుగు సెంట్లు. ఒకవేళ ఆ పద్నాలుగు సెంట్లూ పూర్తిగా పోయినా నాలుగు లక్షలకు బీమా కింద చవకే అనుకున్నాడు.

గట్టుకు అవతలి నుంచి నారాయణమ్మ అంతా వింటోంది. "ఏమప్పా మునిచంద్రా, ఆ ఇరవై సాళ్లు నీకేం పాపం చేసినాయి?"

"పాపం లేదక్కా. అవి సాక్షులు."

"శెనక్కాయ సాక్షి చెప్తాదా? చదువుకున్న బిడ్డ మాటలు, వ్యాపారం చేసేవాడి చెవులు, బాగా కుదిరినాయి." కొడవలి గట్టుకు ఆనించి ఆమె మళ్లీ అంది. "ఏమన్నా చేసుకోప్పా. నువ్వు కొట్టిచ్చేటప్పుడు నా రెండెకరాలకూ కొట్టిచ్చు. ట్యాంకుకింతని కూలి నేనిస్తా."

అలా ఆ పొద్దున అందరి పనీ సవ్యంగానే ఉంది. గుర్తులు పెట్టడం ఒక్కటే మిగిలింది.

గుర్తులకు నేలలో పాతే కట్టె గూటాలు నలభై కావాలి. కట్టెల డిపోలో ఒక్కోటి నలభై రూపాయలన్నారు. మునిచంద్ర అక్కడి నుంచి నేరుగా ఘని పాత సామాన్ల అంగడికి వెళ్లాడు. చవకగా దొరికేది ఏదైనా పుంగనూరులో ఘని దగ్గర ఉంటుంది, లేకపోతే పుంగనూరులో లేనట్టే.

ఘని వెనకవైపు గుట్టలోంచి ఒక కట్ట లాగి కింద పడేశాడు. నున్నగా చెక్కిన గూటాలు. తెల్ల రంగు, తలమీద ఎర్ర రంగు, ఒక్కోదాని మీద నల్లగా ఒక అంకె. "అయిదు రూపాయలు ఒకటి. నీ మొహం సూసి చెప్తాండా."

"నా మొహం సూస్తే మూడు రూపాయలు రావాల ఘనీ భాయ్. యాడివి ఇవి?"

"మదనపల్లె పక్కన ప్లాట్లేస్తామని ఎవురో నాటినారు. ప్లాట్లు పోలేదు, గూటాలు పెరుక్కోని అమ్మేసినారు. మంచి కట్టె అన్నా, చెద పట్టదు. ఇదో, ఎర్ర రిబ్బను గూడా ఉండాది, అరవై రూపాయలు."

నలభై గూటాలు రెండు వందలు, రిబ్బను అరవై. పదహారు వందల పని రెండు వందల అరవైలో తేలిపోయిందని మునిచంద్ర ఆ రోజు మధ్యాహ్నం భోజనంలో రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. ఏ పనైనా పద్ధతిగా చేసే మనిషి కాబట్టి గూటాలను అంకెల వరసలోనే నాటించాడు. ఒక పక్క ఒకటి నుంచి ఇరవై, రెండో పక్క ఇరవై ఒకటి నుంచి నలభై. ప్రతి గూటానికీ ఎర్ర రిబ్బను కట్టించాడు. తాడు పట్టి చూస్తే వెంట్రుకవాసి వంకర లేదు.

బుధవారం అతని మూడెకరాలకూ మందు కొట్టారు, ఆ ఇరవై సాళ్లు తప్ప. పొద్దు చాలక నారాయణమ్మ రెండెకరాలు మర్నాటికి మిగిలాయి.

మర్నాడు కొట్టేవాళ్లను వెంటబెట్టుకుని అతను వచ్చేసరికి నారాయణమ్మ గట్టు మీద చీర కొంగు బిగించి నిలబడి ఉంది. పక్కన కదిరప్ప. ఆ చేను కొసకు ఆనుకుని ఉన్న పొలం అతనిది. అందులో రెండేళ్లుగా ఖాళీగా పడి ఉన్న కోళ్ల షెడ్డు కూడా అతనిదే. ఇద్దరూ గూటాలనే చూస్తున్నారు.

"ట్యాంకులు దించొద్దు" అంది నారాయణమ్మ. "మా దాంట్లో కొట్టేపని లేదు."

"యాలక్కా? తెగులు కనపడతాండాది గదా."

"రోడ్డు కింద పొయ్యే శెనక్కాయకు మందెందుకప్పా?"

మునిచంద్ర వెనక్కి తిరిగి చూశాడు. రోడ్డు గట్టు మీద నిలబడి చూస్తే, మూడెకరాల నడిమధ్యన, ఇరవై అడుగుల వెడల్పున, రెండు వరసల తెల్ల గూటాలు, అంకెలు, ఎర్ర రిబ్బన్లు. చూపు ఎంత దూరం పోతే అంత దూరం సూటిగా కదిరప్ప కోళ్ల షెడ్డు వైపు పోతున్నాయి. అంతవరకూ తన పని నాణ్యత చూసుకుని మురిసినవాడికి, అది దేనిలా ఉందో మొదటిసారి కనిపించింది.

"అక్కా, అవి నేను పెట్టిచ్చినవే. తెగులు లెక్కకు. సోమవారం నీ ముందరే గదా హరితమ్మ చెప్పింది."

"చెప్పింది. సాళ్లు వదలమనిందంట. నంబర్లెయ్యమని చెప్పలేదే" అన్నాడు కదిరప్ప. "నంబర్లేసిన గూటాలు తెగులుకు పెడతారా యాడన్నా?"

"అవి పాతవన్నా. ఘని అంగట్లో చవగ్గా వచ్చినాయి."

కదిరప్ప నారాయణమ్మ వైపు చూశాడు. నారాయణమ్మ కదిరప్ప వైపు చూసింది. ఇరవై రెండేళ్లుగా తూకంలో గింజ అటూ ఇటూ కానివ్వని మనిషి, బ్యాంకులో డబ్బు పెట్టుకుని, ఉన్నట్టుండి తమ ఊరికొచ్చి మూడెకరాలు ఎందుకు కౌలుకు తీసుకున్నాడో ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది.

"నీకు ముందే తెలుసునన్నమాట" అంది ఆమె మెల్లగా. అందులో కోపం లేదు, మెచ్చుకోలే ఉంది.

మునిచంద్ర కొట్టేవాళ్లకు సగం రోజు కూలి ఇచ్చి పంపేశాడు. పుకారు రెండు రోజుల సరుకు, మూడో రోజుకు వాడిపోతుందనుకున్నాడు. అతను ఎరిగిన సరుకులన్నీ అంతే.

మూడో రోజు పొద్దున గూటాలు జరిగి ఉన్నాయి.

కొస వైపు ఉన్న ఎనిమిది గూటాలు ఆరడుగులు ఎడమకు పోయాయి. ఆ వరస ఇప్పుడు కదిరప్ప షెడ్డును తప్పించుకుని పక్కనుంచి పోవడం మానేసి, సరిగ్గా షెడ్డు నడిమికి పోతోంది. ఖాళీ షెడ్డు ఇప్పుడమ్మితే రేకుల ధర కూడా రాదు. రోడ్డు కింద పోతే ప్రభుత్వం కొత్త షెడ్డు ధర కట్టిస్తుంది. ఆ లెక్క మునిచంద్రకు అర సెకనులో తెలిసిపోయింది. తానైనా అలాగే ఆలోచించేవాడు.

నాలుగో రోజు రోడ్డు వైపు పది గూటాలు కుడికి జరిగాయి. నారాయణమ్మ పొలంలో ఒక మూల రాతి నేల ఉంది. అందులో ఏమీ పండదు. రోడ్డు అటు వంగితే మంచి నేల మిగులుతుందని ఆమె ఆశ. ఆ రోజుకు ఇరవై సాళ్ల దారి పాకే కొండచిలువలా వంకర్లు తిరిగింది.

మునిచంద్రకు రోడ్డు సంగతి ఎలా పోయినా సాళ్ల సంగతి ముఖ్యం. ఏ సాలుకు మందు పడిందో ఏ సాలుకు పడలేదో తెలియకపోతే నాలుగు లక్షల లెక్క గాల్లో కలిసినట్టే. హరితకు ఫోన్ చేశాడు. ఆ అమ్మాయి ఆఫీసులోని యాభై మీటర్ల టేపు తీసుకుని వచ్చింది. ఒక కొస ఆమె పట్టుకుంది, ఇంకో కొస అతను పట్టుకున్నాడు. ఆమె ఫోనులో పాత ఫోటో చూసి అంకెలు చెబుతుంటే అతను పుస్తకంలో రాసుకుంటూ గూటాలను మళ్లీ పాత చోట నాటించాడు. రెండు గంటలు పట్టింది. పని ముగిసి తలెత్తి చూస్తే రోడ్డు గట్టు మీద పాతిక ముప్పై మంది ఉన్నారు. రామసముద్రం పోయే బస్సు కూడా ఒక నిమిషం నిలిచింది.

"గవర్నమెంటు అమ్మాయి టేపు పట్టుకుందంటే ఇంగ అనుమానం లేదు" అన్నారెవరో.

"నేను అగ్రికల్చరండీ" అంది హరిత.

"అట్లే చెప్పమంటారు లేమ్మా, మొదట్లో" అని ఒక పెద్దాయన ఓదార్చాడు.

ఆ సాయంత్రానికి రోడ్డుకు రెండు కొసలూ దొరికాయి. మదనపల్లె నుంచి మొదలై, పుంగనూరును తాకకుండా, ఇటునుంచి వెంకటగిరికోట మీదుగా కుప్పం పోతుందట. మర్నాటికి నాలుగు వరసలైంది. ఆ మర్నాడు కుప్పంలో ఎవరో బంధువుకు అక్కడా గూటాలు కనిపించాయని ఫోనొచ్చింది. కుప్పంలో గూటాలకేం కొదవ, ఏ ఊళ్లో అయినా ఏదో ఒక పొలంలో ఉంటాయి. చూడాలనుకున్నవాడికి కనబడతాయి.

నారాయణమ్మ మందుకని పక్కన పెట్టిన డబ్బుతో అరవై మామిడి మొక్కలు తెచ్చింది. రోడ్డుకు పోయే పొలంలో చెట్లుంటే చెట్టుకింతని వేరే కట్టిస్తారని అందరికీ తెలుసు. వేరుశనగ పైరు మధ్యలోనే గుంతలు తీసి నాటుతుంటే మునిచంద్ర గట్టు మీద నిలబడి చివరిసారి ప్రయత్నించాడు.

"అక్కా, రోడ్డూ లేదు, ఏమీ లేదు. నా మాట విని పైరుకు మందు కొట్టిచ్చు. ఈ గుంతల కింద అర మూట కాయ పోతాండాది."

"నీకేమప్పా, నీది కౌలు. పొయ్యేది నా భూమి." మొక్క చుట్టూ మట్టి తొక్కుతూ అంది ఆమె. "రోడ్డు రాకపోతే మామిడికాయలన్నా వస్తాయి. నీ మందు కొడితే ఏమొస్తాదో నీకే తెలీదంటివి."

అతనికి నిజంగానే ఇంకా తెలియదు.

తరవాతి వారం మండీ ముందు ఒక తెల్లకారు ఆగింది. మధుసూదన్ దిగాడు. మదనపల్లెలో భూముల బేరాలు చేస్తాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. కాటా పక్కన కుర్చీ తానే లాక్కుని కూర్చున్నాడు.

"అన్నా, దాచేదేం లేదు. రోడ్డు ఎప్పుడు?"

"రోడ్డు లేదు సామీ" అన్నాడు మునిచంద్ర. పది రోజుల్లో ఈ మాట రెండు వందలసార్లు అని ఉంటాడు. గూటాలు ఎందుకు పెట్టాడో, ఎక్కడ కొన్నాడో, తుప్పు తెగులు అంటే ఏమిటో, ఎకరాకు ముక్కాలు మూట లెక్క ఏమిటో పూసగుచ్చినట్టు చెప్పాడు. ఘని అంగడి రసీదు కూడా తీసి చూపించాడు.

మధుసూదన్ శ్రద్ధగా విన్నాడు. రసీదు తిప్పి చూశాడు. చివరకు చిన్నగా నవ్వాడు. "రసీదు గూడా పెట్టుకున్నావంటే మామూలోడివి కాదన్నా. మునిచంద్ర అంతటోడు రెండు వందల అరవై రూపాయల రసీదు భద్రంగా దాచిపెట్టుకున్నాడంటే దాని ఎనకాల ఎంతుండాదో నాకు తెలీదా?"

"నేను అన్ని రసీదులూ దాస్తాను."

"దాచు. నీ కౌలు నాకు వదిలెయ్. పైరుతో సహా డెబ్బై వేలిస్తా."

మునిచంద్ర లోపల లెక్క వేసుకున్నాడు. మూడెకరాల పైరు చేతికొస్తే ఖర్చులు పోను అరవై వేలు దాటదు. డెబ్బై మంచి ధరే. కానీ పైరు పోతే తూకం పోతుంది, తూకం లేకపోతే నాలుగు లక్షలు గుడ్డిగా పెట్టాలి. పైగా రాని రోడ్డు మీద డబ్బు తీసుకున్నవాణ్ణి రేపు ఉన్న రోడ్డు మీద తరుముతారు. "ఇచ్చేది లేదు" అన్నాడు.

అదే అతను చేసిన పెద్ద తప్పు. డెబ్బై వేలు వద్దన్నాడంటే విషయం డెబ్బై లక్షలదని మధుసూదన్‌కు రూఢి అయిపోయింది. కారు నేరుగా నారాయణమ్మ ఇంటికి పోయింది.

ఆమె కూడా దాచలేదు. "నాకేం తెలీదప్పా. తెగులు లెక్కకు పెట్టినానని మునిచంద్ర అంటాండాడు. అమ్మేదైతే అమ్ముతా, ఊరికే అగ్రిమెంటు రాసుకోని తిరిగేవాళ్లకైతే ఇయ్యను" అంది. అయిదెకరాలకూ కలిపి ధర కుదిరింది. రెండు లక్షలు అడ్వాన్సు. నలభై అయిదు రోజుల్లో మిగతా డబ్బు కట్టి రిజిస్ట్రేషను చేసుకోవాలి, లేకపోతే అడ్వాన్సు ఆమెది. ఆ షరతు ఆమే పెట్టించింది. మధుసూదన్ సంతోషంగా సంతకం పెట్టాడు. నలభై అయిదు రోజుల్లో రెండింతలకు అమ్మేయాలని అతని లెక్క.

ఇటు రెండోసారి మందు కొట్టే రోజు వచ్చింది. ఆ పొద్దున మునిచంద్రకు మండీలో లారీ లోడు ఉండి చేనికి రెండు గంటలు ఆలస్యమైంది. కొట్టేవాళ్లు నమ్మకస్తులు. చెప్పినట్టే గూటాల మధ్య వదిలేసి మిగతాదంతా కొట్టారు. గూటాలు మాత్రం ముందురోజు మళ్లీ షెడ్డు వైపు నడిచాయి. అతను వచ్చి చూసేసరికి ఇరవై సాళ్లలో తొమ్మిది సాళ్లకు మందు పడిపోయింది. పోయినసారి పడిన పక్క తొమ్మిది సాళ్లకు ఈసారి పడలేదు. మిగిలిన చోట రోడ్డు చూడ్డానికి వచ్చినవాళ్ల కాళ్ల కింద నలిగి పైరే మిగల్లేదు.

మునిచంద్ర గట్టు మీద కూర్చుని పుస్తకం తెరిచాడు, మూశాడు. తరవాత లేచి నలభై గూటాలూ పీకించి బండికెత్తించాడు.

"కొలతలు అయిపోయినాయి, ఫైనలయ్యింది" అంది ఊరు.

అక్టోబరు చివర వేరుశనగ పీకారు. మునిచంద్ర తన మూడెకరాలూ తూకం వేశాడు. నలిగిపోయిన ఇరవై సాళ్లు తీసేస్తే ఎకరాకు పదిహేడు మూటలు వచ్చింది. మంచి పంటే. కానీ దేనితో పోల్చి మంచిది? కొట్టకపోతే ఎంత వచ్చేదో చెప్పాల్సిన సాక్షులు తొక్కుడు పడి చచ్చిపోయారు. కంపెనీవాడు వారంలో వస్తానన్నాడు.

హరిత కాటా దగ్గర నిలబడి గట్టు అవతలికి చూస్తోంది. నారాయణమ్మ కూలీలు ఆమె రెండెకరాల్లో మామిడి మొక్కల చుట్టూ తిరుగుతూ కాయ పీకుతున్నారు. ఆకు మచ్చుకైనా లేదు, కట్టె నల్లగా మాడిపోయి ఉంది.

"సార్" అంది హరిత. "అదే నేల. అదే బోరు నీళ్లు. అదే రోజు, అదే విత్తనం. ఆమె ఒక్క చుక్క మందు గూడా కొట్టలేదు."

మునిచంద్ర కాటా వదిలి గట్టెక్కాడు. పద్నాలుగు సెంట్ల సాక్షి పోయాడని ఏడుస్తుంటే రెండెకరాల సాక్షి గట్టవతలే నిలబడి ఉన్నాడు. "అక్కా, నీ మూటలు నా కాటా మీద ఎయ్యి. తూకం కూలి నాది" అని కేక వేశాడు.

గుంతల కింద పోయినది కూడా కలిపి లెక్క కడితే నారాయణమ్మకు ఎకరాకు పదమూడు మూటలు. తేడా నాలుగు. నాలుగు మూటలంటే పది వేల నాలుగు వందలు, అందులో మందు ఖర్చు రెండు వేల రెండు వందలు తీస్తే ఎకరాకు నికరంగా ఎనిమిది వేల రెండు వందలు. ఇరవై రెండేళ్ల తగాదా అర గంటలో తేలిపోయింది. ఆ సాయంత్రం మునిచంద్ర కంపెనీవాడికి ఫోన్ చేసి కాగితాలు తెమ్మన్నాడు. మండీ రైతులందరికీ కబురు పెట్టాడు. మొదటి రోజే వంద ఎకరాలకు సరుకు అమ్ముడుపోతుందని అతని నమ్మకం. ఇంత చక్కటి లెక్క అతని జీవితంలో ఎప్పుడూ కుదరలేదు.

నవంబరు మొదటి వారంలో నలభై అయిదు రోజులు పూర్తయ్యాయి. రోడ్డు రాలేదు, కొనేవాడూ రాలేదు. మధుసూదన్ ఒకసారి మండీకి వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడు. చొక్కా మడత నలిగి ఉంది.

"నువ్వు నాకు చెప్పినావన్నా, కాదనను. రోడ్డుందని అబద్ధం చెప్పింటే నేను నమ్మకుండా పొయ్యేవాణ్ణి" అన్నాడు. మునిచంద్ర కాఫీ తెప్పించాడు.

ఆ శనివారం మండీలో ఎనభై మంది రైతులు కూర్చున్నారు. కంపెనీ మనిషి బల్ల మీద కాగితాలు పరిచాడు. మునిచంద్ర గొంతు సవరించుకుని లెక్కంతా చదివాడు. పదిహేడు, పదమూడు, నాలుగు మూటలు, ఎనిమిది వేల రెండు వందలు. వాదనకు ఎక్కడా సందు లేదు. కొట్టాలనే సగం తలలూపింది, కొట్టొద్దనే సగం నేల చూపులు చూసింది. మునిచంద్ర పెన్ను మూత తీశాడు.

వెనక వరసలో నారాయణమ్మ లేచింది.

"మునిచంద్రా, ఒక మాట. మందు కొట్టినోడికి ఎకరాకు ఎనిమిది వేలు మిగిలినాయంటాండావు. నేను కొట్లేదు. రెండెకరాలు. నాకు రెండు లక్షలొచ్చినాయి. ఎకరాకు ఎంతయింది?"

ఎవరో వేళ్లు మడిచి, "లక్ష" అన్నారు.

తప్పుడు లెక్క తన ముందు తప్పుగానే పోవడం మునిచంద్ర ఎన్నడూ ఓర్చుకోలేదు. "అది తప్పక్కా. అడ్వాన్సు నీ అయిదెకరాలకూ కలిపి ఇచ్చింది. అయిదు పెట్టి భాగించాల. ఎకరాకు నలభై వేలే పడతాది" అన్నాడు.

అనేశాక గానీ తాను ఏమన్నాడో అతనికి వినబడలేదు.

"సరేప్పా, నలభైయే అనుకో" అన్నాడు కదిరప్ప. "ఎనిమిదికంటే ఎక్కువే గదా."

"అది రోడ్డు డబ్బన్నా, మందు కొట్టనందుకు వచ్చింది కాదు."

"కొట్టనందుకే గదా మొక్కలకు డబ్బు మిగిలింది. మొక్కలు చూసే గదా ఆయప్ప నమ్మింది" అంది నారాయణమ్మ. అది నిజం కాదని చెప్పడానికి మునిచంద్ర దగ్గర ఆధారం లేదు. మధుసూదన్ దేన్ని చూసి నమ్మాడో అతనికే తెలియదు.

కొట్టొద్దనే సగం తల పైకెత్తింది. ఇరవై రెండేళ్లుగా వాళ్లకు దొరకని అంకె ఆ రోజు దొరికింది, అదీ సాక్షాత్తు మునిచంద్ర నోటి నుంచి, భాగహారంతో సహా. కొట్టాలనే సగం కూడా ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఈ ఏడికి ఆగి చూద్దామంది. పది నిమిషాల్లో కుర్చీలు ఖాళీ అయ్యాయి. కంపెనీ మనిషి కాగితాలు సంచిలో పెట్టుకుంటూ, "మార్కెట్ ఇంకా సిద్ధంగా లేదు సార్" అన్నాడు.

అందరూ పోయాక నారాయణమ్మ ఒక్కతే మిగిలింది. "వచ్చే ఏడు కౌలుకు తీసుకుంటావా? ఎకరాకు రెండు వేలు పెంచుతాండా."

"యాలక్కా పెంచేది?"

"ఒకసారి రోడ్డు అనుకున్న భూమి అప్పా అది."

తీసుకుంటానన్నాడు. ఎకరాకు ఎనిమిది వేలు మిగిలే నేల అని తూచి చూసినవాడు పుంగనూరు మొత్తానికి తానొక్కడే.

ఆ సాయంత్రం మునిచంద్ర పుస్తకం తెరిచి ఆ ఏడాది ప్రయోగం లెక్క రాసుకున్నాడు. మందు వల్ల మిగిలింది ఇరవై మూడు వేల నాలుగు వందల యాభై రెండు. అందులో గూటాలకు రెండు వందలు, రిబ్బనుకు అరవై, పెరిగిన కౌలుకు ఆరు వేలు. నికరం పదిహేడు వేల నూట తొంభై రెండు. ఏజెన్సీకి పెట్టని నాలుగు లక్షలు బ్యాంకులోనే భద్రం. కింద గీత గీసి, మందు కొడితే ఎకరాకు ఎనిమిది వేల రెండు వందలు, కొట్టకపోతే నలభై వేలు అని రాసి రెండుసార్లు సరిచూశాడు. లెక్కలో ఎక్కడా తప్పు లేదు.